టీపొడికి అంటించిన సబ్బు

తొమ్మిదో తరగతిలోనే ఒక్క మాటతో బేరం చెడగొట్టిన ఘనత నాది. పటాన్‌చెరులో ఇన్నేళ్లు కిరాణా నడిపిన మా నాన్న కూడా అంత గొప్పగా ఎన్నడూ చెడగొట్టలేదు. నిన్న టీపొడి కొంటే, ప్యాకెట్టుకు టేపుతో అంటించిన గంధపు సబ్బు వచ్చింది. ఆ జోడీని చూస్తే బడిలో నా పక్కన కూర్చున్న స్వరూప గుర్తొచ్చింది.

బడిలో ఐఐటీ ఫౌండేషన్ బ్యాచ్ పెడుతూ, భానూరు నుంచి బస్సులో వచ్చే స్వరూపను పిలిచారు. లెక్కల్లో ఎప్పుడూ ఆమెదే ఫస్టు. నన్ను పిలవలేదు. అమ్ముడుపోని సబ్బును టీపొడికి కట్టి అమ్మే ఇంట్లో పెరిగినదాన్ని, ఊరుకుంటానా?

"నేను లేకుంటే రానని చెప్పవే. నిన్నెట్ల ఇడుస్తరు? ఇద్దర్నీ తీస్కుంటరు," అన్నాను స్వరూపతో.

"వద్దంటే ఎట్లనే?"

"జెర బెట్టు చెయ్యాలె. వాళ్లే ఎనక్కి పిలుస్తరు."

స్వరూప పోయి అట్లాగే చెప్పింది. ప్రిన్సిపాల్ సారు నవ్వాడు. "గట్లనా? అయితే ఇద్దరూ పాత క్లాసులనే కూసోండ్రి," అని ఇంకో పిల్లను పిలిచాడు.

బయటికొచ్చాక స్వరూప అడిగింది. "ఇగ పిలుస్తరా?"

"పిలుస్తరు," అన్నాను. ఆమె చాలా రోజులు క్లాసు తలుపు వైపే చూసింది.

నిజాయితీగా లెక్క కడితే నాకు నష్టమేమీ లేదు. ఆ బ్యాచ్‌లో నేను నెల కూడా నిలిచేదాన్ని కాదు. పైగా స్వరూప ఏడాదంతా నా పక్కనే కూర్చుంది. ఖర్చు మొత్తం ఆమెదే.