ఉప్పు గంజి వెంట నడిచిన మంద

"హెలికాప్టర్ ఒక్కసారి తిరిగిపోతే చాలు, ఈ పీడ వదులుతుంది. పక్కాయన సైన్ చేసినాడు, కొండవతలోళ్ళు సైన్ చేసినారు. మనమే మిగిలింది" అన్నాడు అల్లుడు.

"పైనుంచి గన్‌తో షూట్ చేస్తే అన్నీ వెంటనే చచ్చిపోవు నాన్నా. దెబ్బ తగిలి రోజులు రోజులు తిరుగుతాయి. అసలు దే వర్ హియర్ బిఫోర్ అస్" అంది మనవరాలు.

"యూనివర్సిటీలో కూర్చుని చెప్పడం ఈజీ. గొర్రెపిల్లల్ని పూడ్చింది నేను."

ఇద్దరి మధ్యా, అన్నం తినే బల్ల మీద, ఆ కాగితం ఉంది. మా నేల మీదుగా హెలికాప్టర్‌లో ఎగురుతూ అడవి కుక్కలను కాల్చడానికి ఒప్పుకుంటున్నామని సంతకం చేయాల్సిన కాగితం. ఈ ఆస్ట్రేలియావాళ్ళు వాటిని డింగోలంటారు. నా కంటికి అవి మా సీమ తోడేలుకు తమ్ముళ్ళే.

మా అమ్మాయి, అల్లుడు బ్రిస్బేన్ పక్కన స్ప్రింగ్‌ఫీల్డ్ లేక్స్‌లో ఇల్లు అమ్ముకుని, ఇంకా పడమటికి వచ్చి ఈ నేలా పందొమ్మిది గొర్రెలూ కొన్నారు. అల్లుడికి ఆఫీసు మాత్రం ఆ పాత ఊళ్ళోనే. మనవరాలు బ్రిస్బేన్‌లో చదువుతూ శనాదివారాలకు వస్తుంది. గొర్రెలు ఈనడం మొదలైన వారంలోనే డింగోల నోట పడి నాలుగు పిల్లలు పోయాయి.

వాళ్ళ అరుపులు అయ్యేదాకా ఆగి నేను ఒకటే అడిగాను. "రాత్రిపూట గొర్రెలు యాడ పండుకుంటాయి నాయనా?"

"ప్యాడక్‌లోనే అత్తా. ఇక్కడ అందరివీ అంతే. బీడు చుట్టూ కంచె ఉంది కదా."

"ఆ కంచె కింద నేనే దూరిపోతా. తలుపు బార్లా తీసిపెట్టి, దొంగను కాల్చేదానికి ఆకాశం మీంచి మనిషిని పిలుస్తావా? ఈనేవన్నీ ఈనేదాకా నాకు ఒక నెల ఇయ్యి. ఇంక ఒక్క పిల్ల పోయినా నేనే పేనా తెచ్చి నీ చేతికిస్తా."

పక్కాయన అందరి కాగితాలూ పోగుచేసుకోడానికి వచ్చేది నెలాఖరుకే. అల్లుడు సరేనన్నాడు.

నేను గొర్రెల ఇంట పుట్టాను. మాది అనంతపురం వైపు మెట్ట. బడిలో మూడో తరగతి దాకా కూర్చున్నాను, ఆ తర్వాత మందతో తిరగడమే చదువు. తోడేళ్ళను దగ్గరగా చూశాను కాబట్టి వాటి మీద నాకు మురిపెం లేదు. అయితే తోడేలు పిల్లను ఎత్తుకుపోతే మా నాయన తోడేలును తిట్టేవాడు కాదు. ఆ పూట కావలి ఎవరిదో వాళ్ళను తిట్టేవాడు. ఆ తిట్లు నేను రెండుసార్లు తిన్నాను. ఇప్పటికీ గుర్తే.

ఆ శనాదివారాల్లోనే ఇంటి పక్కన గొర్రెలకు దొడ్డి కట్టేశాం. మొదటి సాయంత్రమే నా పరువు పోయింది. మా వైపు కాపరి ముందు నడుస్తాడు, మంద వెనక వస్తుంది. ఆ అలవాటుకొద్దీ కర్ర పట్టుకుని, నోటితో పిలుస్తూ, ప్యాడక్ ఆ చివర నుంచి దొడ్డి దాకా నడిచాను. తిరిగి చూస్తే ఒక్క గొర్రె లేదు. అన్నీ బయల్దేరిన చోటే గుంపుగా నిలబడి నన్ను చూస్తున్నాయి. ఇక్కడి గొర్రెలను కుక్కలతో, బండ్లతో వెనకనుంచి తరుముతారట. మనిషి కనిపిస్తే పారిపోవడం తప్ప వాటికి వేరే తెలియదు. కంచె అవతల పక్కాయన, తోలు టోపీ ముసలాయన, కడుపు పట్టుకుని నవ్వాడు. తన కుక్కను అరువిస్తానంటున్నాడని మనవరాలు చెప్పింది. అక్కర్లేదని చెప్పించాను.

మరునాటి నుంచి రైస్ కుక్కర్ అటక ఎక్కింది. మా అమ్మాయి సణిగినా వినకుండా గిన్నెలో అన్నం వండి గంజి వార్చాను. ఊరికే సింకులో పోసే నీళ్ళు కాదవి. ఉప్పు వేసి, బకెట్‌తో తీసుకెళ్ళి తొట్టిలో పోసేదాన్ని. మొదట్లో నేను కనుమరుగయ్యాకే తాగేవి. ఐదో రోజు చెవి చిరిగిన ముసలి గొర్రె ఒకటి దగ్గరకొచ్చి నా చెయ్యి నాకింది. అది వచ్చాక మిగతావి ఎన్నాళ్ళు ఆగుతాయి? పది రోజులకు బకెట్ చప్పుడైతే చాలు, మంద మొత్తం నా వెనక. అప్పటిదాకా మాత్రం అల్లుడే రోజూ ఆఫీసు నుంచి రాగానే గొణుక్కుంటూ బండితో తోలి దొడ్డిలో పెట్టాడు.

దొడ్డికి కొత్తగా కొన్నదేమీ లేదు. ఎవరో స్విమ్మింగ్ పూల్ చుట్టూ ఉన్న ఇనప కంచె పీకి రోడ్డు పక్కన పడేస్తే అల్లుడితో ఎత్తించాను. దాని చుట్టూ కాగితంపూల చెట్టు కొమ్మలు, ముళ్ళు బయటికి ఉండేట్టు, దట్టంగా పేర్చాం. తోడేళ్ళు బెదరాలని మా నాయన దొడ్డి చుట్టూ పాత కంబళి పేలికలు కట్టేవాడు, నేను చిరిగిన చీరలు కట్టాను. పాపం డింగోలు అని మనవరాలు మళ్ళీ మొదలుపెడితే, "జాలి ఊరికే పడితే ఏం లాభం, ఆ కంప ఎత్తు" అన్నాను. మోచేతుల దాకా గీసుకుపోయినా మోసింది. పిల్లలో దమ్ముంది.

పక్కాయన వైపూ న్యాయముంది. ఆయనవి వందల గొర్రెలు, కనుచూపుమేర మేత. అన్నింటికీ గంజి ఎవరు కాస్తారు? హెలికాప్టర్ పిలవొద్దని ఆయనకు చెప్పడానికి నేనెవరిని? మా నేల మీద దాంతో పనిలేదని చెప్పగలను, అంతవరకే.

నెలాఖరుకు పందొమ్మిదీ ఈనాయి. ఇరవైమూడు పిల్లలు బతికున్నాయి. చివరి సాయంత్రం పొద్దు వాలుతుండగా చెట్ల వైపు నుంచి ఊళ వినిపించింది. గొర్రెలు నమలడం మానేసి తలలెత్తాయి. నేను దొడ్డి గేటు గొళ్ళెం రెండుసార్లు చూసుకుని ఇంట్లోకి వచ్చేసరికి, అల్లుడు కాగితం బల్ల మీద పరిచి పక్కన పేనా పెట్టాడు.

"రేపు మార్నింగ్ ఆయన వస్తాడత్తా. పిల్లలన్నీ ఉంటే సరే. లేకపోతే మాట మాటే."

"మాట మాటేలే. ముందు ఆ పేనాకు మూత పెట్టు, ఇంకు ఎండిపోతుంది."

పైకి అట్లా అన్నానే గానీ, పడుకునే ముందు వెళ్ళి గొళ్ళెం మూడోసారి చూసొచ్చాను.

తెల్లవారి లేచేసరికి గడ్డి మీద మంచు తెల్లగా ఉంది. దొడ్డి చుట్టూ తడి మట్టిలో అడుగులు కనిపించాయి, రెండు జంతువులవి. కంప దాకా వచ్చి, చుట్టూ తిరిగి, చెట్ల వైపు వెళ్ళిపోయాయి. ఒక ముల్లుకు ఎర్రటి వెంట్రుకలు చిక్కుకున్నాయి. అల్లుడు గేటు సందులో నిలబడి పిల్లలను లెక్కపెట్టాడు. ఇరవైమూడు. నమ్మకం లేక మళ్ళీ లెక్కపెట్టాడు. ఇరవైమూడే.

కాసేపటికి పక్కాయన బండి వచ్చింది. అల్లుడు సంతకం లేని కాగితం ఆయన చేతికిచ్చాడు. ఆయన కాగితం చూసి, కిందికి వంగి ఆ అడుగులు చూసి, టోపీ తీసి మనవరాలిని ఏదో అడిగాడు. హెలికాప్టర్ తన వైపు ఎట్లాగూ తిరుగుతుందట. అయినా ఈనబోయే ముప్ఫై గొర్రెలకైనా ఇలాంటి దొడ్డి కట్టుకోవాలని ఉందట, ఆ ఇనప కంచెలు ఇంకెక్కడైనా దొరుకుతాయా అని అడుగుతున్నాడట. చూద్దాంలే అని చెప్పించాను.

తర్వాత నేను గంజి బకెట్ ఎత్తుకుని, గేటు తీసి, ముందు నడిచాను. పందొమ్మిదీ, ఇరవైమూడూ నా వెనక వచ్చాయి.