ముగ్గురు మామల కోడలు

నిజాం పాలన చివరి రోజుల్లో, హాలియా వైపు నుంచి నారాయణపేట దగ్గరి పల్లెకు నన్ను కోడలిగా పంపారు. మామ ఒక్కడే అని చెప్పి పెళ్లి చేశారు. తీరా చూస్తే ముగ్గురు, అదీ ఒకే ధోవతిలో.

తెలుగులో మామ మొండివాడు. ఆయన వద్దంటే పొయ్యిలో నిప్పు కూడా రాజుకునేది కాదు. ఉర్దూ ఆయన సర్కారు కచేరీ గుమ్మాల దగ్గర చేతులు కట్టుకుని నేర్చుకున్నాడు. అందుకే ఆ భాషలో "జీ హుజూర్" తప్ప ఇంకో జవాబు తోచదు. ఉర్దూ మొదలుపెడితే మనిషి జానెడు పొట్టిగా అయిపోయేవాడు. నేను కొలవలేదు గానీ, ధోవతి అంచు నేల మీద ఈడ్చుకుపోయేది. కన్నడం మాత్రం రాయచూరు వైపు పశువుల సంతల్లో వచ్చింది. అది నోట్లో పడిందా, కళ్లు మెరిసేవి. బేరం తెగేదాకా మంచినీళ్లు కూడా ముట్టడు.

తొలకరి పడి జొన్న విత్తాల్సిన పొద్దున, మా వాకిట్లో గిర్దావరు గుర్రం దిగాడు. రెవెన్యూ పని మీద ఊళ్లు తిరుగుతున్నాడు. ఆయన సామాను మోయడానికి మా బండీ ఎడ్లూ కావాలట, వెట్టికి. అవి తిరిగొచ్చేసరికి పదును ఆరిపోతుంది. ఇక ఆ ఏడు మాకు జొన్నరొట్టె లేనట్టే.

మామ "జీ హుజూర్" అన్నాడు. లోపలికొచ్చి "పానం పోయినా ఎడ్లియ్య" అన్నాడు. మళ్లీ బయటికెళ్లి "జీ హుజూర్" అన్నాడు.

అత్త తల పట్టుకుంది. "గీ మనిషితోని ఎట్లనే పిల్లా?"

గిర్దావరు తన బంట్రోతును కన్నడంలో తిట్టడం అప్పటికే నా చెవిన పడింది. మామ ఎదుట కోడలు నోరు విప్పకూడదు కనుక అత్త చెవిలో ఊదాను. "మామను కన్నడంల మాట్లాడమనత్తా. గా భాషల ఆయనకు భయం రాదు."

మామ కన్నడంలో ఒక్క పలకరింపు పలికాడో లేదో, గిర్దావరు ముఖం విప్పారింది. ఆయనది గుల్బర్గా వైపట. ఇద్దరూ అరుగు మీద కూర్చున్నారు. మామ లేచి ఎడ్ల పళ్లు చూపించాడు, గంగడోలు నిమిరాడు. నా తెలివికి నేనే మురిసిపోతున్నాను. ఇంతలో మామ భుజం మీది తువ్వాల తీసి ఇద్దరి చేతుల మీదా కప్పాడు.

సంతలో ధర నోటితో చెప్పరు. గుడ్డ కింద ఒకరి వేళ్లు ఒకరు పట్టుకుని చెప్పుకుంటారు.

"ఓయమ్మో, ఎడ్లనమ్ముతుండు!" అత్త ఉరికింది.

తువ్వాల కింద రెండు ఉడుములు కొట్లాడుతున్నట్టే ఉంది. అత్త ఆ గుడ్డను ఒక్క గుంజు గుంజింది. గిర్దావరు వేలు మామ పిడికిట్లో! వాకిటి ముందు చేరిన జనమంతా చూశారు.

"దొరా, ఎడ్లను కొననొచ్చిన్రా, వెట్టికొచ్చిన్రా? ఉత్తగ కొట్టుకపోయేటోళ్లకు ధరెందుకు?" అంది అత్త.

ఎవరో కిసుక్కుమన్నారు. వేలు విడిపించుకున్న గిర్దావరుకు మళ్లీ వెట్టి మాటెత్తడానికి ముఖం చెల్లలేదు. గుర్రమెక్కాడు. పరుపుచుట్ట బంట్రోతు నెత్తికెక్కింది.

"ఇంకొక్క వేలు పెంచుతుండె. పాడు జేసినవ్," అన్నాడు మామ, నిజంగానే దిగులుపడి.

"సాలుగానీ, విత్తనానికి గొర్రు కట్టు," అంది అత్త.

ఆ మధ్యాహ్నమే విత్తడం మొదలైంది. గొర్రు వెనకే అత్త గింజలు వదులుతూ నడిచింది. దారిన పోయే రైతొకడు గట్టు మీద ఆగి, ఎడ్లను చూసి కన్నడంలో ఏదో అడగబోయాడు.

మామ కళ్లు మెరిశాయి.

"మా ఆయనకు తెలుగు తప్ప ఏం రాదు," అంది అత్త. "నువ్వు పోరాదయ్యా!"