ఎండలు ముదిరాక తరంగంబాడికి

మొన్న ఉదయం ముత్తుకూరు రోడ్డులో టీ తాగుతుంటే నలుగురు కుర్రాళ్ళు సైకిళ్ళ మీద వచ్చి ఆగారు. నెత్తిన హెల్మెట్లు, వెనక చక్రానికి ఇరువైపులా సంచులు, ఎండకు కమిలిన ముఖాలు. కన్యాకుమారి దాకా పోతున్నారట. మార్చి నెలలో ఇదేం పని నాయనా అని టీ కాసే ఆయన అడిగితే, "సంక్రాంతికి ముందే బయల్దేరాల్సింది, కుదరలేదు" అన్నాడు అందులో ఒకడు నసుగుతూ. నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే ఒళ్ళు మండింది కూడా. ఒక ప్రయాణం కుదరకపోవడానికి ఎన్ని నెలలు పడుతుందో, అందులో ఎంతమంది పుణ్యం ఉంటుందో ఆ అబ్బాయి కన్నా నాకే బాగా తెలుసు. కొన్నేళ్ళ కిందట మా అక్కా నేనూ ఒక చలికాలమంతా బయల్దేరుతూనే ఉన్నాం.

మా అక్కది చిట్టమూరు దగ్గర ఒక పల్లె. ఊరూరూ తిరిగి పసిపిల్లలకు టీకాలు వేసే నర్సు ఉద్యోగం చేసింది. ఆ తిరుగుడంతా సైకిలు మీదే. నల్లటి లేడీస్ సైకిలు, క్యారియరు మీద టీకాల పెట్టె, చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని కట్టలమీదా గట్లమీదా తొక్కుకుంటూ పోయేది. తోటివాళ్ళు స్కూటర్లకు మారినా ఆమె మారలేదు. నాది థర్మల్ విద్యుత్ కేంద్రంలో షిఫ్టు ఉద్యోగం. జీవితమంతా గోడలకున్న మీటర్లు చూస్తూ గడిపినవాణ్ణి, రిటైరయ్యాక నాకు సైకిలు పిచ్చి పట్టుకుంది. గేర్ల సైకిలొకటి కొని, కృష్ణపట్నం దాకా పోయి రావడం మొదలుపెట్టాను. ఆ మాట ఫోనులో గొప్పగా చెబితే, అక్క అన్నది కదా, "నేను ఇన్నేళ్ళు తొక్కినాన్రా. ఎంత తొక్కినా పొద్దుగూకేసరికి మళ్ళా ఇంటికాడే ఉంటిని. తిరిగి రాకుండా తొక్కుకుంటా పోతే ఎట్టుంటదో ఒక్కసారి చూడాల."

ఎక్కడికి పోదామంటే తడుముకోకుండా తరంగంబాడి అన్నది, తమిళనాడు తీరంలో పాత డేనిష్ కోట ఉన్న ఊరు. మా చిన్నప్పుడు సండేస్కూలు గోడకు ఆ ఊరి పటం ఒకటి ఉండేది. సముద్రం ఒడ్డున పసుపురంగు కోట, ఒడ్డుకు చేరుతున్న పడవలో తెల్ల మిషనరీలు. నాకు ఆ పటం కన్నా దాని వెనకనుంచి వచ్చే బల్లుల మీద ధ్యాస ఉండేది కాబట్టి సరిగా గుర్తులేదు. అక్కకు మాత్రం ఆ కోట మెట్లతో సహా గుర్తుంది. సరే, చెన్నపట్నం, పుదుచ్చేరి, కడలూరు మీదుగా సముద్రం పక్కనే దారి. నేను దారి మొత్తం చూసిపెట్టాను. ఎక్కడ ఆగాలి, ఎక్కడ పడుకోవాలి, ఏ ఊళ్ళో సైకిలు బాగుచేసేవాళ్ళున్నారు, అన్నీ. తుపానులు వెళ్ళిపోయాక, కొత్త సంవత్సరం ఆరాధన ముగించుకుని బయల్దేరితే చలిగాలి ఉత్తరం నుంచి వీపు మీద చెయ్యేసి తోస్తుంది, తొక్కే పనే ఉండదని లెక్క వేసుకున్నాను. పైగా ఒక తొందర కూడా ఉంది. అక్క మోకాళ్ళు అరిగిపోయాయి. వేసవి దాటాక ఆపరేషన్ తప్పదని, ఆ తర్వాత ఇక దూరాలు తొక్కే మాట మర్చిపొమ్మని నెల్లూరు డాక్టరు చెప్పేశాడు. ఆమెకున్నది ఆ ఒక్క చలికాలమే.

జనవరి వచ్చింది. మా బావకు రొయ్యల గుంటలున్నాయి. ఆయన నెమ్మదైన మనిషి, గొంతెత్తి మాట్లాడి ఎరగడు, కానీ ఆయన రొయ్యలకు ఆ నెమ్మది లేదు. కరెంటు పోయి నీళ్ళు చిలికే మరలు ఆగితే చాలు, పైకి తేలి చస్తామని బెదిరిస్తాయి. గుంటల్లో రొయ్యలన్నీ పట్టి అమ్మే పట్టుబడి అయ్యేదాకా ఆగమన్నాడు. పట్టుబడి అయింది. ఈలోగా ఊళ్ళో విషజ్వరాలు మొదలయ్యాయి. ఆసుపత్రి ఉన్నా, అందులో కొత్త నర్సు ఉన్నా, జనం మాత్రం అక్కా అక్కా అంటూ ఆమె గుమ్మంలోకే వచ్చి కూర్చునేవాళ్ళు. జ్వరాలు తగ్గాయనుకునేసరికి చర్చి సంఘంలో ఒక ముసలాయన కాలికి షుగరు పుండు. ఆయన అక్క తప్ప ఇంకెవరు కట్టు మార్చినా ఒప్పుకోడు. నేను వారం వారం ఫోను చేసేవాణ్ణి.

"ఎప్పుడక్కా?"

"ఈ ఆదివారం దాటనీరా. ఆయన పుండు మానితే మనకి అడ్డం ఎవరుండారు?"

పుండు మానింది. అప్పుడు ఎదురింటి కోడలికి నెలలు నిండాయి. ఫిబ్రవరి కూడా కరిగిపోతోంది. నాకు ఆ ఊరి మీదే కోపం వచ్చింది. ఒక ఆదివారం కోపం పట్టలేక సైకిలు బస్సు మీద వేయించుకుని అక్క ఇంటికే పోయాను. ఆమె వసారాలో ఎవరికో బీపీ చూస్తోంది. రబ్బరు బుడ్డి నొక్కుతూనే నా వంక చూసి, "కూర్చో, అన్నం తిందువు" అన్నది. అంతే, నేను సైకిలు గోడకు ఆనించి కాళ్ళు కడుక్కున్నాను. భోజనాల దగ్గర బావ నా కంచంలో చేప ముక్క వేస్తూ, "కోపం చేసుకోబాకయ్యా. మీ అక్కని పిలిచేటోళ్ళు ఆగరు, ఆమె పోకుండా ఉండలేదు" అన్నాడు. ఆ మాట నిజమే కావడం నాకు ఇంకా చిరాకు తెప్పించింది. ఇంటికొస్తే మా ఆవిడ సంచుల్లో సర్దిన బట్టలు తీసి ఉతికి మళ్ళీ సర్దుతోంది. "మడతల్లోనే పాతబడిపోతున్నాయి" అన్నది.

చివరికి అక్క ఫోను చేసి పోదాం రమ్మనేసరికి మార్చి సగం అయిపోయింది. అక్క ఊరి నుంచి బయల్దేరిన ఉదయం చల్లగానే ఉంది. అక్క పాత నల్ల సైకిలుకు కొత్త టైర్లు వేయించింది. హెల్మెట్ ఇస్తే తల దురద అని వద్దన్నది, నేను బతిమాలితే పెట్టుకుంది. నాయుడుపేట దాటి పెద్ద రోడ్డు ఎక్కేదాకా హాయిగా పోయాం. ఆమె ముందు, నేను వెనక. వంతెనల దగ్గర నా గేర్లు టకటకమని మారుతుంటే వెనక్కి తిరిగి, "అదేందిరా, ఊరికే కొరుకుతుండాది" అని నవ్వేది. ఆ పూట నా రెండు నెలల కోపమంతా దిగిపోయింది.

ఎండెక్కాక గాలి మొదలైంది. ఉత్తరం నుంచి కాదు, ఎదురుగా, దక్షిణం నుంచి. నేను చూసుకున్న లెక్కలన్నీ జనవరివి. మార్చి గాలికి నా ప్లాను సంగతి తెలియదు కదా. ఎంత తొక్కినా సైకిలు ఉన్నచోటే ఉన్నట్టుండేది. లారీ పక్కనుంచి పోయినప్పుడల్లా వేడి మొహాన కొట్టేది. సూళ్ళూరుపేట ఇంకా కాస్త దూరముందనగా నాకు చెమట పట్టడం ఆగిపోయింది. అది మంచిదే అనుకున్నాను. ఆ తర్వాత సంగతి నాకు ముక్కలు ముక్కలుగానే గుర్తుంది. సైకిలు పక్కకు ఒరగడం, కంకర, ఎవరో నన్ను ఎత్తి బస్సు షెల్టరు నీడలోకి చేర్చడం. కళ్ళు తెరిచేసరికి అక్క నా మెడకింద తడిగుడ్డ పెట్టి, ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్ళు గుక్క గుక్కగా పట్టిస్తోంది.

"నువ్వు ఇంక తొక్కేది లేదు" అన్నది.

"కాసేపు పడుకుంటే లేస్తానక్కా."

"లేస్తావు. ఇంటికి పోతావు."

బావకు ఫోను చేసింది. ఆయన వచ్చేదాకా నేను లోపల కుతకుతలాడుతూ పడుకున్నాను. రొయ్యలు, జ్వరాలు, పుండు, కాన్పు, ఇన్ని దాటుకుని వచ్చాక ఆఖరి అడ్డం నేనే అయ్యాను. ఆమె నాతో వెనక్కి వచ్చేస్తుందని, ఇక ఈ జన్మకు ఆ దారి చూడదని నాకు అనుమానమే లేదు. ఇన్నేళ్ళూ ఎవరు పడిపోతే వాళ్ళ దగ్గర ఆగిపోయిన మనిషి ఆమె.

బావ రొయ్యలు తోలే చిన్న ట్రాలీ బండిలో వచ్చాడు. నా నాడి పట్టుకు చూశాడు, ఆయనకేమీ తెలియకపోయినా. ఇద్దరూ కలిసి నన్ను ముందు సీట్లో కూర్చోబెట్టారు, నా సైకిలు వెనక పడేశారు. బావ అక్క సైకిలు మీద కూడా చెయ్యేశాడు. ఆమె హ్యాండిలు వదల్లేదు.

"వీడికి ఇప్పుడు బాగానే ఉండాది. సూళ్ళూరుపేటలో డాక్టరుకి చూపించి ఇంటికి తీసకపో" అన్నది.

"నువ్వో?"

"నేను పోతా."

 బావ రోడ్డు అవతల ఎండిన పులికాటు సరస్సు వైపు చూస్తూ నిలబడ్డాడు. తర్వాత, "మోకాలి మాత్రలు పెట్టుకున్నావా?" అని అడిగాడు. ఆమె తలూపింది. ఆయన భుజం మీది తువ్వాలు తీసి, క్యాను నీళ్ళతో తడిపి, పిండి ఆమె మెడకు చుట్టాడు. వాళ్ళ పెళ్ళయిన ఇన్నేళ్ళలో నలుగురి ఎదుట ఆయన ఆమెను ముట్టుకోవడం నేను చూడలేదు. ట్రాలీ దాటిపోతుంటే, ఎదురుగాలికి ముందుకు వంగి తొక్కుతున్న మా అక్క కనబడింది. అప్పుడు నాకు సంతోషం కలిగిందని చెబితే అబద్ధం. దారి మొత్తం చూసిపెట్టినవాణ్ణి నేను, పోతున్నది ఆమె.

ఉదయం పూటలు మాత్రమే తొక్కి, ఎండ వేళ చర్చిల్లోనూ చుట్టాల ఇళ్ళలోనూ ఆగుతూ పోయింది. ఫోను చేస్తే రెండు మాటలే. చిదంబరం దగ్గర మోకాలు బూరెలా వాచింది. మిగిలిన దారి సైకిలు బస్సు మీద వేయించుకుని పోయింది. అట్లా చేరితే చేరినట్టేనా అని అడిగాను, కొంచెం అసూయతోనే. "చేరినట్టేరా, పడవలో వచ్చినోళ్ళు మటుకు తొక్కుకుంటా వచ్చినారా?" అన్నది.

రైల్లో తిరిగొచ్చాక, ఆపరేషనుకు ముందు, ఒక సాయంత్రం ఆమె మంచం పక్కన కూర్చుని అక్కడి సముద్రం ఎట్లా ఉందని అడిగాను. 

"మన సముద్రమేరా. నీళ్ళేమీ వేరే లేవు. కోట గోడ నీడలో పొద్దస్తమానం కూర్చున్నా. ఒక్కరు కూడా నన్ను అక్కా అని పిలవలే."

అది బాధగా చెప్పిందా, తృప్తిగా చెప్పిందా అని ఆమె ముఖంలోకి చూశాను. అంతలో గుమ్మంలో ఎవరో పిలిచారు, ఆమె లేవబోతే బావ వద్దని తనే వెళ్ళాడు. ఆ ఏటి జనవరి, ఫిబ్రవరుల మీద నాకు ఇప్పటికీ కోపం చల్లారలేదు, వాటిని తలుచుకుంటే ఇప్పటికీ పళ్ళు నూరుతాను. కానీ కాలం మనిషికి తీరిక ఇచ్చేటప్పుడు మంచి రోజులు ఏరి ఇవ్వదని, మిగిలిపోయినవే చేతిలో పెడుతుందని, మా అక్క నాకన్నా ముందే తెలుసుకుంది.