వెనక మనిషి

వానాకాలంలో అమర్‌కంటక్ కొండల్లో నడవాలని బిలాస్‌పూర్ నుంచి బైకు మీద బయల్దేరాను. రతన్‌పూర్‌లో జోరువాన పట్టుకుంటే బస్‌స్టాపు రేకుల కింద ఆగాను. "ఒక్కదాన్నే అయితే ఏమైందమ్మా, ఏం కాదు" అని ఫోన్లో అమ్మకి సర్దిచెబుతుంటే, బస్సు కోసం కూర్చున్న ఒక పెద్దాయన తెలుగు విని నవ్వాడు.

"నాను గూడ్సుబండి గార్డుగా సేసినానమ్మా. డ్యూటీ అంతా ఆకరి డబ్బాలో నానొక్కడినే."

"భయం వేసేది కాదా తాతగారూ?"

"బయమేటి? బండి కదిలినాక నాను పచ్చజెండా ఊపీవోడిని. ఇంజన్లోంచి డ్రైవరు సెయ్యి ఊపీవోడు. అచ్ఛా, అప్పుడింక ఒక్కడినెలాగవుతాను?"

వాన తగ్గింది. బండి తీసి కొంచెం దూరం వెళ్లాక అద్దంలో చూశాను. ఆయన చినుకుల్లోకి వచ్చి, భుజం మీది తువ్వాలు తీసి ఊపుతున్నాడు. ఎంతకీ ఆపడే! నేను చెయ్యెత్తి ఊపాక గానీ దించలేదు.

మర్నాడు బైకు కొండ కింద పెట్టి, అడవి దారిలో నడక మొదలుపెట్టాను. కాస్త ఎక్కాక వెనక్కి తిరిగితే మబ్బు కమ్మేసి బైకు కూడా కనబడలేదు.

అయినా చెయ్యెత్తి ఊపాను.