రజియా మేడం పంచిన జిలేబీ

నిన్న మా బడి పిల్లలు మణుగూరు వైపు నుంచి తెచ్చిన నల్లటి పలకరాయిని సుత్తితో తట్టారు. అది ఎండుకొమ్మ విరిగినట్టు టక్కుమని రెండుగా విడిపోయింది. ఆ చప్పుడుకు నాకు రజియా మేడం గుర్తొచ్చారు. ఖమ్మంలో బట్టల వ్యాపారం చేసే ఇంట్లో పుట్టిన ఆమె, అన్నదమ్ములంతా కొట్టు చూసుకుంటుంటే, తాను మాత్రం గోదావరి పక్క అడవుల్లో, రాళ్లలో మిగిలిన పాతకాలపు చెట్ల ముద్రలు వెతుకుతూ ఉద్యోగకాలమంతా గడిపారు. రిటైరయ్యాక మా పినపాక బడికి పాఠాలు చెప్పడానికి వచ్చేవారు.

నేనప్పుడు కొత్తగా చేరిన సైన్సు టీచరును. జీవపరిణామం పాఠమంటే నాకు భయం. పుస్తకంలో ఉన్నది చదివించి గట్టెక్కేదాన్ని. ఒకరోజు సునీత అనే అమ్మాయి లేచి, "కోతుల నుంచి మనుషులొస్తే, ఇంక కోతులెందుకున్నయ్ టీచర్?" అంది. నేను పుస్తకం పేజీలు తిప్పసాగాను. ఆ రోజు పక్కనే ఉన్న మేడం నెమ్మదిగా అందుకున్నారు.

"మీ చిన్నాయన బిడ్డ నీకేమైతది?"

"చెల్లె అయితది మేడం."

"ఆమెకు నువ్వు పుట్టినవా?"

తరగతంతా నవ్వింది. సునీత కూడా నవ్వి, "లేదు మేడం, మా ఇద్దరికి తాత ఒక్కడే" అంది.

"అవ్. కోతులకు, మనకు గట్లనే. శానా ఎనకటి తాత ఒక్కడే."

ఆ సాయంత్రం సునీత ఇంటికి పోతూ గోడ మీది కోతిని "ఏం అన్నా, బాగున్నవా?" అని పలకరించడం నేను చూశాను.

మేడంకు పేరు తెచ్చిన పరిశోధన ఒకటుంది. రాతిలోని ఒక ఆకు ముద్ర ఎవరూ ఎరగని కొత్తరకం చెట్టుదని ఆమె ఏనాడో రాశారు. ఆమె దగ్గర చదువుకున్న అమ్మాయే, అది కొత్త చెట్టు కాదనీ, ముందే తెలిసిన చెట్టు లేత ఆకేననీ రుజువు చేసింది. ఆ సంగతి విని నేను ఓదార్పు మాటలు వెతుక్కుంటుంటే, మేడం జిలేబీ పొట్లంతో లోపలికి వచ్చారు. పిల్లలకు పంచుతూ, "నేను చెప్పింది తప్పని తేలింది. తినుండ్రి" అన్నారు.

"మీకు బాధ లేదా మేడం?" అన్నాను.

"మొదట్ల జరంత ఉండె. ఆ పిల్ల రాసింది మళ్ల చదివిన. ఎంత మంచిగ చూసింది! పాఠం చెప్పెటోళ్లకు ఇంతకంటె ఏం గావాలె?"

తర్వాత రెండు ఆకులనూ బోర్డు మీద పక్కపక్కన గీసి, తను పొరబడ్డది ఎక్కడో పిల్లలకు ముచ్చటగా చూపించారు.

మేడం ఇప్పుడు లేరు. నేను మాత్రం జీవపరిణామం పాఠాన్ని ఇష్టంగా, వారాల తరబడి చెబుతున్నాను. ఈమధ్య నేను గీసిన బొమ్మ తప్పని ఒక అమ్మాయి లేచి చెప్పింది. ఒక్కక్షణం చెవులు వేడెక్కాయి. చాక్‌పీసు ఆమె చేతికిచ్చి, "నువ్వు చెప్పు బిడ్డా, నేను వింట" అని కూర్చున్నాను. ఆ పిల్ల చాలా బాగా చెప్పింది.