మకాం గుమ్మానికి నక్క తోక

భీమవరం అవతల సత్యప్రసాద్ గారి చేపల చెరువులకు కాపలా సూరమ్మదే. గట్టు మీది రేకుల మకాంలో ఆమె, నల్లోడనే కుక్క ఉండేవాళ్లు. మొగుడు చిట్టియ్య పోయాక ఆమెకు మాట్లాడుకోవడానికి మిగిలింది వాడొక్కడే. వాడూ తక్కువవాడేం కాదు, కూర నచ్చకపోతే మొహం అటు తిప్పుకునేవాడు.

కిందటి పంటకు చేపలు చచ్చి తేలాయి. "ఈసారీ ఇలాగే అయితే మకాం ఎత్తేస్తాను సూరమ్మా, ఏమీ అనుకోకు" అన్నారు సత్యప్రసాద్ గారు. ఊళ్లో ఆమెకు వేరే గూడు లేదు.

అప్పుడే గట్టు కింద తుంగలో ఒక నక్క చచ్చి కనిపించింది. ఒళ్లు బక్కచిక్కి ఉంది. చెవుల నిండా ఆముదపు గింజలంతేసి పిడుదులు. నక్క తోక ఇంట్లో ఉంటే కలిసొస్తుందని మన వైపు ఎవరినడిగినా చెబుతారు. అలా కలిసొచ్చినవాణ్ణి చూపించమంటే మాత్రం నీళ్లు నములుతారు. సూరమ్మ ఆదివారం తప్పకుండా లూథరన్ చర్చికి వెళ్లే మనిషి. అయినా ఇదీ చేసి చూస్తే పోయేదేముంది అనుకుంది. తోక కోసి తెచ్చి గుమ్మానికి కట్టింది. ఆ గుమ్మం కిందే నల్లోడు పడుకునే గోనెసంచి ఉంటుంది.

కొన్ని వారాలకు నల్లోడు అన్నం మానేశాడు. ముక్కులోంచి నెత్తురొచ్చింది. ఆటోలో తీసుకెళితే పశువుల డాక్టరు లావణ్య గారు పాలిపోయిన చిగుళ్లు చూసి, చెవి మడతలోంచి ఒక పిడుదును లాగారు.

"పిడుదుల జ్వరం అమ్మా. రక్తం తాగుతూ రోగం ఎక్కించేస్తాయి. నక్కలకీ వస్తుంది. మీ వైపు నక్కలేమన్నా తిరుగుతున్నాయా?"

"ఒకటి చచ్చిపోయిందండి."

"దాన్ని వీడు ముట్టుకున్నాడా?"

"లేదండి. నేనే ముట్టుకున్నానండి. తోక కోసి గుమ్మానికి కట్టానండి."

డాక్టరు గారు మందును సూదిలోకి ఎక్కించారు. "ఒళ్లు చల్లబడితే పిడుదులు దిగిపోయి ఇంకో ఒంటిని వెతుక్కుంటాయమ్మా. అవే ఎక్కాయో, వేరేవి ఎక్కాయో ఎవరం చెప్పలేం" అని సూది వేశారు.

మర్నాడు నల్లోడు పోయాడు. సూరమ్మ ఏడవలేదు. ఏడుపు వస్తుందేమోనని గట్టు మీద కూర్చుని చూసింది, రాలేదు. గుంట తవ్వి పూడ్చి, వెళ్లి చెరువులో కర్రలకు చేపల మేత సంచులు కట్టింది. కోపం కూడా రాలేదు. ఎవరి మీద తెచ్చుకుంటుంది? తోక తీసేస్తానంటే సత్యప్రసాద్ గారు చేపల పట్టుబడి అయ్యేదాకా ముట్టుకోవద్దన్నారు. సరేనంది. ఇంక పోయేదేముంది?

ఆ పంట విరగకాసింది. లారీకి చేపలు ఎక్కిస్తుంటే సత్యప్రసాద్ గారు గుమ్మం వైపు చూసి పొంగిపోయారు.

"అంతా నీ తోక మహిమే సూరమ్మా! నీ మకాం ఇంకెక్కడికీ పోదు. ఇదిగో, కుక్కపిల్లను కూడా తెచ్చాను."

డ్రైవరు పిల్లను తీసుకొచ్చి ఆ గోనెసంచి దగ్గరే కట్టబోయాడు.

"అక్కడొద్దు" అంది సూరమ్మ. "ముందు ఆ తోక తీయించండి బాబూ."

"కలిసొచ్చినదాన్ని ఎవరైనా తీస్తారా?"

"నాకొద్దండి."

ఆమె పిల్లను ఒళ్లో పెట్టుకుని, అలవాటు లేని వేళ్లతో చెవి మడత విప్పి చూసింది. శుభ్రంగా ఉంది. రెండో చెవి చూడబోతే కళ్లు మసకబారాయి, ఏడుపు అప్పుడొచ్చింది.