చీటీ తిప్పి చూసిన పెట్టెలక్క

మా విశ్వవిద్యాలయంలో ఎండిన పురుగుల్ని సూదులకు గుచ్చి పెట్టెల్లో దాచే గది ఒకటుంది; ఆ పురుగుల గది అటెండరును అందరూ పెట్టెలక్క అంటారు. పక్క గదిలో గుమస్తాను నేను; ఇరవై ఏళ్లుగా ఆమె నోటి దురుసు భరిస్తున్నదాన్ని. ఆమె చదివింది పది. అయితేనేం, నలభై వేల పురుగుల్లో ఏది ఏ అరలో ఉందో కళ్లు మూసుకుని చెబుతుంది. పెద్ద డిగ్రీలాయన పెట్టె తెరిచి తుమ్మబోతే, "మొహం పక్కకు తిప్పండి సార్, మీ తుమ్ముకు దాని కాళ్లూడతాయి" అనేస్తుంది.

పోయిన ఏడు ఒక విద్యార్థిని వచ్చింది. ఏ జీవి ఎక్కడెక్కడ బతుకుతోందో కంప్యూటర్‌తో తేల్చే చదువు ఆమెది. అందులో ఏడాది శిక్షణ, నెలనెలా ఉపకారవేతనం ఇచ్చే సీటు ఒకే ఒక్కటుంది. అది రాకపోతే బట్టల కొట్లో పనికి చేరాల్సిందేనని ఇంట్లో తేల్చేశారు. దరఖాస్తుతోపాటు, మా పెట్టెల్లోని పురుగులు ఎక్కడెక్కడ దొరికాయో చుక్కలతో చూపే పటం ఒకటి పంపాలి.

గడువు మూడు రోజులుందనగా పిల్ల గంతులేస్తూ వచ్చింది.

"అక్కా, ఈ పేడపురుగు ఒక్కచోటే దొరికింది! మన పెట్టెల్లో ఉన్న రెండొందలూ పటంలో ఒకే చుక్క మీద పడ్డాయి. ఇంత అరుదైంది చూపిస్తే సీటు నాదే!"

పెట్టెలక్క కంప్యూటర్ తెర చూసి నెత్తి కొట్టుకుంది. "నీ తెలివి తెల్లారినట్టే ఉంది. ఆ చుక్క మన బిల్డింగే కదే! ఇక్కడ పేడెక్కడిదే?"

సంగతేమిటంటే, వెనకటికి ఆ పురుగులు పట్టినాయన పురుగుతోపాటు సూదికి గుచ్చిన చీటీల మీద మా చిరునామా అచ్చయి ఉండేది. పట్టిన ఊరు వెనకవైపు పెన్సిలుతో రాసేవాడు. కంప్యూటర్‌లోకి ఎక్కించినవాళ్లు పైన ఉన్నదే కొట్టారు, ఒక్కరూ తిప్పి చూడలేదు.

పిల్ల మొహం మాడిపోయింది. "తిప్పితే ఇది మామూలు పురుగని తేలిపోతుందక్కా. ఇంక నన్నెవరు తీసుకుంటారు?"

"ఇవాళ నువ్వు తిప్పకపోతే రేపు ఇంకోడు తిప్పుతాడు. అప్పుడు తలెక్కడ పెట్టుకుంటావ్? కూర్చో."

రెండు రోజులు భూతద్దం పెట్టి అక్క చదివింది, పిల్ల టైపు చేసింది. ఆ ఒక్క చుక్కా విడిపోయి పటంలో ఒక నది పొడవునా నలభై చుక్కలైంది. పిల్ల ఏడుపు మొహంతోనే పాత పటం, కొత్త పటం రెండూ పంపింది. తప్పెలా దొరికిందో కూడా రాసింది.

నెలకు జవాబొచ్చింది. సీటు ఆమెదే! దరఖాస్తు పెట్టినవాళ్లలో తన పటంలో తప్పును తానే బయటపెట్టింది ఈమె ఒక్కతేనట. అబ్బ, నా కడుపు నిండిపోయిందనుకోండి.

చేరే పత్రంలో "నమూనాల పని నేర్పినవారు" అన్నచోట సంతకం కావాలి. పిల్ల దాన్ని తన ప్రొఫెసరుగారి దగ్గరికి తీసుకెళ్లింది. ఆయన చదివి, కలం మూసేసి, తానే కాగితం పట్టుకుని పురుగుల గదికి నడిచొచ్చారు.

"ఇది మీరు పెట్టాలమ్మా."

"నేనా? అటెండర్ని సార్..."

"నేర్పిందెవరు? నేనా?"

మా పెట్టెలక్క చేతులు రెండుసార్లు తుడుచుకుని, ఇంటిపేరుతో సహా పూర్తి పేరు రాసింది. సిరా ఆరేదాకా ఆ కాగితాన్ని ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు.